మూల సీట్లో కూర్చున్నది ఎవరు?

కొట్టు మూసేశాం కాబట్టి చెబుతున్నాను. ఈ బల్ల మీద చెయ్యి వేసి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు.

మొన్న నవంబరులో అండమాన్ వెళ్ళాను. ఒక్కదాన్నే. వీపున ఒక బ్యాగు, అంతే. నూజివీడులో ఎటు వెళ్ళినా పలకరింపులే. నన్నెవరూ ఎరగని చోటు కావాలనిపించింది.

మూడు దీవులు చూపించే బోటెక్కాను. కిక్కిరిసిపోయి ఉంది. నలభై మంది. జంటలు, పిల్లలు, సెల్ఫీలు. అందరికీ ఒకే రంగు లైఫ్ జాకెట్లు. చివరి వరసలో మూల సీటు నాది. పక్కన ఒక పెద్దావిడ, కొడుకూ కోడలితో వచ్చింది. తెలుగువాళ్ళే. మాటల్లో హనుమాన్ జంక్షన్ అని వినబడింది. మాకెంత దూరం! అయినా తెలుగు రానట్టే కూర్చున్నాను. ఆవిడ వేరుశనగ ఉండ ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాను. రోజంతా ఎవరితోనూ ఒక్క మాట లేదు.

మూడో దీవిలో జాకెట్లు బోటులోనే వదిలి దిగాం. నేను రాళ్ళ వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాను. అక్కడ ఐదింటికే చీకటి పడుతుందని తెలియదు. ఇంజన్ చప్పుడు వినబడింది. పరిగెత్తాను. బోటు అప్పటికే కదిలింది.

"ఆపండి! ఆపండీ!"

ఎవరూ తిరగలేదు... ఒక్కరు తప్ప.

చివరి వరస. మూల సీటు. నా సీటు.

అందులో ఎవరో కూర్చుని ఉన్నారు. జాకెట్ వేసుకుని. మెల్లగా... చాలా మెల్లగా... నా వైపు తల తిప్పారు. మసక చీకటి, మొహం కనబడలేదు. పెద్దావిడ ఆ మనిషి వైపు వంగి ఏదో చెబుతోంది.

టుకటుక... టుకటుక... చప్పుడు సన్నబడింది. తర్వాత అదీ లేదు.

ఫోనుకి సిగ్నల్ లేదు. ఎండుటాకుల మీద పీతలు గరగరమని నడుస్తున్నాయి. భయం కన్నా ముందు ఒక ఆలోచన వచ్చింది. నేను లేనని ఎవరికి తెలుస్తుంది?

గంటయిందో, రెండు గంటలయిందో... టార్చిలైటు. బోటు తిరిగొచ్చింది. నడిపే ఆయన నన్ను చూసి కొయ్యబారిపోయాడు. తలలు లెక్కపెట్టుకునే బయల్దేరారట. దారిలో చూస్తే మూల సీటు ఖాళీ. నీళ్ళలో పడ్డాననుకుని, వెతుక్కుంటూ ఇంత దూరం వెనక్కి వచ్చారు.

ఎక్కి కూర్చున్నాను. పెద్దావిడ నా వైపు జరిగింది.

"ఎక్కడికి వెళ్ళావమ్మా? ఇందాకటిదాకా నా పక్కనే ఉన్నావుగా?"

"ఆ దీవిలో దిగాక నేను మళ్ళీ బోటే ఎక్కలేదండీ."

"అదేంటమ్మా! మాది నూజివీడు అన్నావు. మీ నాన్నగారు పోయిన రోజు, మామిడికాయల లోడింగులో ఉండి ఆయన ఫోన్ ఎత్తలేదని చెప్పి భోరున ఏడ్చావు. నేనేగా నీ చెయ్యి పట్టుకుంది..."

ఆ ఫోను సంగతి మా అమ్మకి కూడా తెలియదు. అప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలేదు.

ఆవిడ నా చెయ్యి అందుకుంది. అందుకుని, చటుక్కున వదిలేసింది.

"వెచ్చగా ఉందేంటి..." అంది.

లేచి కొడుకు పక్కకి వెళ్ళిపోయింది. ఒడ్డు చేరేదాకా ఆ వరసలో నేనొక్కదాన్నే.

అదేంటో నాకిప్పటికీ తెలియదు. దయ్యమో... మరొకటో. కానీ నాన్న పోయి ఏడాది దాటినా నాకింతవరకూ ఏడుపు రాలేదు. అదెవరో గానీ, నా బదులు ఏడ్చేసింది. ఆవిడ ఓదార్పు కూడా... అదే పట్టుకుపోయింది.