మందు వేశారా

మా అత్తకు పేడత్త అని పేరు పెట్టింది మామయ్యే. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మేడ మీద కూరగాయల తొక్కలు, పేడ, ఎండుటాకులు కుండల్లో కుళ్ళబెడుతుంటే ముక్కు మూసుకుని అన్నాడట. ఆవిడేమైనా తక్కువ తిందా? ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేసే మొగుడికి యూరియా అని తగిలించింది. చివరికి వీధంతా ఆయన్ను యూరియాగారనే పిలిచింది.

మేడ మీద ఇద్దరికీ చెరో సగం. ఆవిడ సగంలో టమాటాలు, వంగమొక్కలు, ఎరువు కుండలు. ఆయన సగంలో గులాబీలు, పెద్ద డ్రమ్ములో నిమ్మచెట్టు, దాని పక్కన చెట్లకు వేసే తెల్లగుళికల మందు సంచి, కొలవడానికి ఒక రేకు డబ్బా. "నీ పేడ మాగేలోపు నా చెట్టు రెండు కాపులు కాస్తుందే" అనేవాడు మామయ్య. "కాస్తుంది, ఆ తర్వాత గుడ్లు తేలేస్తుంది" అనేది అత్త. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. ఆవిడ తమ్ముడి కూతుర్ని నేను. కింది వాటాలో ఉండే మాకు ఈ తగవే కాలక్షేపం.

అత్త బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను మెట్ల కిందే. పైకి ఎవరు వెళ్ళినా, కిందికి ఎవరు దిగినా ఆవిడకు తెలియాల్సిందే. మామయ్యకు గుండె జబ్బు బయటపడ్డాక, పొద్దున్నే మాత్ర తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయనేమో నిద్ర లేవగానే మేడ ఎక్కేవాడు. అత్త మిషను తొక్కుతూనే పైకి కేకేసేది, "మందు వేశారా?" అని. "వేశానే" అని పైనుంచి జవాబు. వేసుకున్నారా అని పూర్తిగా అనే ఓపిక మిషను మీద కూర్చున్న మనిషికి ఎక్కడుంటుంది? మా వీధిలో మందుకు ఇంకో అర్థం కూడా ఉందిలెండి, ఆ అలవాటు మాత్రం మామయ్యకు లేదు.

ఓ పొద్దున ఆవిడ అలాగే అడిగింది, ఆయన అలాగే చెప్పాడు. కాసేపటికి పైన దబ్బుమన్న చప్పుడు. మేం వెళ్ళేసరికి నిమ్మచెట్టు పక్కన పడి ఉన్నాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. అక్కడివాళ్ళు మడత పెట్టి ఇచ్చిన చొక్కా జేబులో ఆ పూట మాత్ర ఉంది, అట్టముక్కలోనే, చెక్కుచెదరకుండా.

"నేను మాత్ర సంగతి అడిగాను, ఆయన చెట్టు సంగతి చెప్పారు" అంది అత్త. అంతే, ఆ మాట పట్టుకుంది. తన నోటి మాట తేడా వల్లే మనిషి పోయాడని తనకు తానే తీర్పు రాసుకుంది. ఎవరెంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే. మందు అన్న మాటే ఆవిడ నోట రాదు ఇప్పుడు. జ్వరమొస్తే బిళ్ళ అంటుంది. పొద్దున మిషను తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి చక్రం పట్టి ఆపేసి, తల పైకెత్తి వింటుంది.

"మళ్ళీ అన్నారు. వినపడలేదూ నీకు?"

"ఏమన్నారత్తా?"

"వేశానే అన్నారు."

నేను దయ్యాలను నమ్మే రకం కాదు. నా చెవికి ఆ మాటెప్పుడూ వినపడలేదు కూడా. కానీ సంచిలోకి డబ్బా దిగుతున్నట్టు కరకరమన్న చప్పుడు మాత్రం ఒకసారి నేనూ విన్నాను. గాలికి దొర్లి ఉంటుందని అత్తకు సర్దిచెప్పాను. ఆ పూట ఆకు కదిలే గాలి లేదు. నాకు భయం వేసింది, ఒప్పుకుంటాను.

ఇంతలో నిమ్మచెట్టు పసుపుబారింది. ముందు ముదురాకులు, తర్వాత లేతాకులు, ఆ తర్వాత కొమ్మల కొసలు ఎండటం మొదలైంది. అత్తకు కంటి మీద కునుకు లేదు. "ఆయన చివరిసారి చెయ్యి వేసింది దాని మీదే. అది కూడా పోతే నేను చేతులారా ఆయన్ను రెండోసారి చంపినట్టే" అంది.

మొక్కల బండాయన వచ్చి చూశాడు. "ఇది సంచి తిండికి అలవాటు పడ్డ చెట్టమ్మా. గుప్పెడు గుళికలు చల్లి నీళ్ళు పొయ్యండి, పది రోజుల్లో పచ్చబడుద్ది. అయితే మట్టి సుద్దలా అయిపోయింది, ఎంతకాలమో ఆగదు. గట్టిగా నిలబడాలంటే డ్రమ్ము తిరగేసి ఎరువు కలపాలి. వేరు కదిలితే మాత్రం నాది పూచీ కాదు."

నాకైతే ఆలోచించే పనే కనపడలేదు. "సంచి ఇక్కడే ఉంది, ఒక్క గుప్పెడు చల్లు" అన్నాను.

"ఆ సంచిలో చెయ్యి పెట్టలేను."

"నేను పెడతాను."

"వద్దు. ఆ చెట్టుకు వేశానంటూనే కదా ఆయన పోయింది."

నాకు ఒళ్ళు మండింది. చచ్చేదాన్ని బతికించే దారి ఎదురుగా ఉంటే ఈ పట్టుదలేమిటని నాలుగు మాటలన్నాను. విననట్టే తన కుండలో మాగిన ఎరువును జల్లెడ పట్టింది. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంది.

ఇద్దరం కలిసి డ్రమ్మును పక్కకు వాల్చి, చెట్టును మొదలు పట్టుకుని మెల్లగా లాగాం. మట్టి పెళ్ళలుగా రాలింది. అంచు వెంట, వేళ్ళ సందుల్లో ఏవో తళతళమన్నాయి. గాజుముక్కలనుకుని "చెయ్యి కోసుకుంటావత్తా" అన్నాను. ఆవిడ ఒకటి తీసి కొంగుతో తుడిచింది. మాత్రల అట్ట నుంచి నలుపలకలుగా కత్తిరించిన ముక్క. లోపల మాత్ర ఉంది. ఇంకో ముక్క తీసింది, అందులోనూ ఉంది. లోపలికి తవ్వేకొద్దీ వస్తూనే ఉన్నాయి. కొన్ని కొత్తవి, కొన్నిటి మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి.

అత్త ఆ ముక్క అంచును బొటనవేలితో తడిమింది. "అందుకా, నా కత్తెర అస్తమానం మొద్దుబారేది" అంది.

నాకు గుండె మీది బండ దించినట్టయింది. "చూశావా అత్తా? నీ మాట వల్ల కాదు. ఆయన అసలు వేసుకునేవాడే కాదు. ఆ జేబులోది కూడా ఇక్కడికి రావలసిందే" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు.

"నా మాట వల్లే అయితే బాగుండేదే. ఆ ఒక్కపూట ఏదో పొరపాటున విన్నారనుకున్నాను. రోజూ సరిగ్గానే విని, వేశానే అన్నారన్నమాట."

ఎందుకు చేశాడో అడగడానికి మనిషి లేడు. అత్త ఏడవలేదు. ఎరువు కలిపింది, చెట్టును నిలబెట్టింది, మొదలు చుట్టూ మట్టిని అరిచేత్తో గట్టిగా అదిమింది. చేతులు కడుక్కుని కిందికి దిగిపోయింది.

చెట్టు బతికింది. చిగురేసిందత్తా అని పరుగున వెళ్ళి చెబితే, ఆవిడ మిషను ఆపలేదు. ఇప్పుడు దానికి నీళ్ళు నేనే పోస్తున్నాను.