కేర్ ప్లాన్‌లో నేను రాసిన రెండు వాక్యాలు

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. బొద్దింకంటే భయం, బస్సు కండక్టరంటే భయం, సంతకం పెట్టమని ఎవరైనా కాగితం ముందుకు తోస్తే మరీ భయం. అలాంటిదాన్ని రెండు సూట్‌కేసులతో, ఒక నర్సింగ్ డిగ్రీతో ఒంటరిగా న్యూజిలాండ్ ఎలా వెళ్ళానో ఇప్పటికీ నాకే అర్థం కాదు. రెండువేల అయిదో ఆరో సంవత్సరం. మన నర్సు చదువు అక్కడ చెల్లాలంటే వాళ్ళు పెట్టే పరీక్షలు పాసై, ఒక కోర్సు కూడా పూర్తి చెయ్యాలి. అది అయ్యేదాకా పాపకూర అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా చేరాను. పొద్దున ఏడు నుంచి మూడింటి దాకా షిఫ్టు. పెద్దవాళ్ళకు స్నానాలు చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం నా పని.

నా వర్క్ పర్మిట్ ఆ ఒక్క వృద్ధాశ్రమానికే ఇచ్చారు. అక్కడ పని పోతే ఆ దేశంలో ఉండే వీలు కూడా పోతుంది. పాస్‌పోర్టులో అంటించిన ఆ పర్మిట్‌ను రోజుకొకసారి తెరిచి చూసుకునేదాన్ని, రాత్రికి రాత్రి అక్షరాలు ఎగిరిపోతాయేమోనన్నట్టు. మేనేజరు నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు, ఏం తప్పు చేశానో అని ముందు రోజు పనులన్నీ మనసులో తిరగేసుకునేదాన్ని.

మూడో నంబరు గదిలో ఎనభైకి దగ్గరపడ్డ ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. మా దగ్గర ప్రతి గది గోడకీ ఆ మనిషి జీవితం గురించి ఇంట్లోవాళ్ళు రాసిచ్చిన ఒక కాగితం అంటించి ఉండేది, మాట కలపడానికి మాకు పనికొస్తుందని. ఆయన కాగితంలో ఇలా ఉండేది: పడుచు వయసులో కెన్యాలో ప్రభుత్వ ఉద్యోగం, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడికి వచ్చి పాడి ఫామ్, చేపలు పట్టడం ఇష్టం, టీలో పంచదార వద్దు. పక్కనే ఒక ఫోటో. నిక్కరూ టోపీ వేసుకుని ఆయన ఎండలో నవ్వుతూ నించున్నాడు. ఆయన పాదాల దగ్గర కొందరు నల్లవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళ వీపులు తప్ప ఏమీ పడలేదు. నేను ఆ ఫోటోకు రోజూ దుమ్ము తుడిచేదాన్ని. ఎవరు వాళ్ళు, ఎందుకలా కూర్చున్నారు అని ఒక్కసారైనా అనుకోలేదు.

ఆయనకు పొద్దున బట్టలు తొడగడమంటే మా అందరికీ హడలు. చేతికర్ర పక్కన లేకపోతే మంచం దిగడు, ఉంటే దాంతోనే కొడతాడు. ఒక కివీ పిల్లకు, అంటే ఆ దేశపు అమ్మాయికి, మణికట్టు వాచింది. నేను గుమ్మంలోనే నిలబడి ప్రభువును తలుచుకుని లోపలికి వెళ్ళేదాన్ని.

ఒకరోజు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మేజోళ్ళు తొడుగుతున్నాను. మిగతావాళ్ళంతా చిన్న స్టూలు వేసుకుంటారు. నాకు ఆ స్టూలు కుదరదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళం అంట్లు తోమినా, చేపలు కడిగినా, పసిబిడ్డకు నీళ్ళు పోసినా గొంతుక్కూర్చునే కదా చేసేది. అలాగే ఆయన కాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాను. మేజోడు మడమ దగ్గర పట్టేసింది. ఆయన గట్టిగా అరిచి కర్ర పైకెత్తాడు. వెనక్కి జరగడానికి మంచం అడ్డం. పై ప్రాణం పైనే పోయింది. కళ్ళు మూసుకుని రెండు చేతులూ తలమీద పెట్టేసుకున్నాను.

దెబ్బ పడలేదు.

కళ్ళు తెరిస్తే ఆయన కర్రను నిదానంగా దించుతున్నాడు. ముఖం నున్నగా, ప్రశాంతంగా ఉంది. కర్ర కొనతో నా వైపు చూపించి "మోజా" అన్నాడు. తర్వాత నాకు అటూ ఇటూ ఖాళీ నేలను చూపిస్తూ "ఎంబిలీ, తాతూ, ఎన్నే, తానో" అన్నాడు. అయిదు అయ్యాక తృప్తిగా తల ఊపి, రెండో కాలు తనంతట తనే ముందుకు చాపాడు.

అదేదో ఆట అనుకున్నాను. పిల్లలు దాగుడుమూతల్లో అంకెలు చెప్పినట్టుంది అనుకున్నాను. మర్నాడు భయపడుతూనే మళ్ళీ చేశాను. మళ్ళీ పనిచేసింది. నాలుగు రోజులు చూసి, కేర్ ప్లాన్‌లో, అంటే ఆయనకు ఏ పని ఎలా చెయ్యాలో అందరం చూసుకునే ఫైల్లో, నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. ఆయన చిరాకు పడినప్పుడు ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు చేతులూ తలమీద పెట్టుకోండి. ఆయన లెక్కపెట్టి శాంతిస్తారు.

మేనేజరు దాన్ని మీటింగులో పైకి చదివింది. చప్పట్లు కొట్టించింది. ఆయన కూతురు వచ్చి నన్ను కౌగలించుకుని చాక్లెట్ల డబ్బా ఇచ్చింది. కివీ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు నవ్వుకుంటూ గొంతుక్కూర్చోవడం నా దగ్గర నేర్చుకున్నారు. నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ దేశంలో దిగాక నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. పర్మిట్ పొడిగించుకోవడానికి మేనేజరు ఇవ్వాల్సిన ఉత్తరం అప్పటికి ఆవిడ బల్లమీదే ఉంది. ఇంక ఢోకా లేదనుకున్నాను.

అప్పుడే, నేను కెన్యా అక్క అని పిలుచుకునే ఆవిడను పక్క విభాగం నుంచి మా విభాగానికి మార్చారు. నలభై అయిదేళ్ళు ఉంటాయి. నేను చేరిన కొత్తలో మనిషిని మంచం మీద నుంచి లేపే యంత్రం చూసి వణికిపోతుంటే, ముందు తనే అందులో కూర్చుని, "నన్ను లేపు సిస్టర్, నన్ను లేపగలిగితే ఇంకెవరినైనా లేపుతావు" అని నవ్వించి నేర్పింది. మనిషి అంత లావు మరి. మేం ఇద్దరం ఒకే బస్‌స్టాపులో దిగేవాళ్ళం. నా పులిహోర ఆమెకు, ఆమె చపాతీలు నాకు. వాళ్ళూ చపాతీ అనే అంటారని ఆమె చెబితేనే నాకు తెలిసింది.

మూడో నంబరు గదికి ఆ రోజు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆమె కేర్ ప్లాన్ ఇంకా చదవలేదు. ఆయన కర్ర ఎత్తగానే నేను, పని వచ్చినదాన్ని కదా, టక్కున కూర్చుని చేతులు తలమీద పెట్టుకున్నాను. ఆయన "మోజా" అన్నాడు. కర్ర పక్కకు తిరిగింది. అక్క నిలబడే ఉంది. రెండో అంకె చెప్పలేదు ఆయన. నొసలు ముడిపడింది. అంతవరకూ నేనెప్పుడూ వినని గొంతుతో, ముసలితనం ఏమాత్రం లేని గొంతుతో, "కా చీనీ" అన్నాడు.

అక్క మోకాళ్ళు వంగాయి. నేను చూశాను. సగం దాకా వంగి, గోడ పట్టుకుని ఆగింది. ఆమె ముఖం బూడిద రంగులోకి తిరిగింది. ఆ అంకెలు ఆమె భాషలోవని, ఆ మాటకు అర్థం కింద కూర్చో అని నాకు అప్పటికి తెలియదు. కానీ ఆ గదిలో ఏదో ఘోరం జరుగుతోందని మాత్రం తెలిసింది. లేవాలని ఉంది, కర్ర భయానికి లేవలేను. ఆయన మళ్ళీ ఆ మాటే అన్నాడు. అక్క బయటికి వెళ్ళిపోయింది.

దుప్పట్లు పెట్టే గదిలో ఆమెను వెతికి పట్టుకున్నాను. ఒక టవలు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

"ఎవరు నేర్పారు నీకది?" అంది.

"ఎవరూ నేర్పలేదు. కొడతాడేమోనని భయపడ్డానంతే."

ఆమె టవలు పక్కన పెట్టి, వాళ్ళ నాన్న గురించి చెప్పింది. తెల్లదొరలు వాళ్ళ కొండల్లో మంచి భూములన్నీ తీసేసుకున్నారు. కొందరు తిరగబడ్డారు. దొరలు తిరగబడ్డవాళ్ళనీ, తిరగబడనివాళ్ళనీ కలిపి ముళ్ళకంచెల వెనక పడేశారు. వాళ్ళ నాన్న మేకలు కాసుకునే మనిషి. సోదాలో దొరికినవాళ్ళతో పాటు లారీ ఎక్కించారు. నాలుగేళ్ళు ఉంచారు. పొద్దునా సాయంత్రమూ అయిదుగురు అయిదుగురుగా గొంతుక్కూర్చోబెట్టి, చేతులు తలమీద పెట్టించి లెక్కపెట్టేవారు. లెక్క తప్పితే మొత్తం వరసకు దెబ్బలు.

"నేను పుట్టేసరికి అంతా అయిపోయింది," అంది. "కానీ రోడ్డు మీద ఏదైనా బండి వస్తే మా నాన్న అక్కడికక్కడే కూర్చుని చేతులు తలమీద పెట్టుకునేవాడు. పాల బండి వచ్చినా సరే. నా పెళ్ళిరోజున, చుట్టాలందరి ముందూ అలాగే కూర్చున్నాడు. చచ్చిపోయేదాకా అంతే. పిల్లలం నవ్వేవాళ్ళం సిస్టర్. ఇవాళ నా కాళ్ళే వంగాయి."

మేం బళ్ళో మన స్వాతంత్ర్యం గురించి చదువుకున్నాం. ఆఫ్రికా అంటే అట్లాసులో రంగులు వేసిన పటం. దొరలు అక్కడికీ వెళ్ళారని తెలుసు, వెళ్ళి ఏం చేశారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అలాంటి నేను, రోజూ తిండి పంచుకునే మనిషి తండ్రికి పడ్డ శిక్షను డ్యూటీగా రాసిపెట్టాను.

"నేను కూర్చోను," అంది అక్క. "కూర్చోకపోతే పని చేయనన్నట్టు రాస్తారు. నువ్వు రాసింది నువ్వే తీసెయ్యమని చెప్పు. తెలియక రాశానను. నీ మాట వింటారు, నిన్ను మెచ్చుకున్నారు కదా."

చెబుతానన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను.

ఫ్లాట్‌కి వెళ్ళాక ఆంటీకి చెప్పాను. ఆంటీ మా చర్చికి వచ్చే గుంటూరావిడ, ఆ దేశంలో పదేళ్ళుగా నర్సు. నాకు ఒక గది అద్దెకిచ్చింది. ఆవిడ కూర తిప్పుతూ వింది.

"అయితే ఏంటే అమ్మాయ్? నీ లెటర్ ఇచ్చారా?"

"ఇంకా ఇవ్వలేదాంటీ."

"మరి నోరు మూసుకుని ఉండు. వాళ్ళూ వాళ్ళూ పడతారు, మధ్యలో నీకెందుకు? ఆ పిల్లకి రెసిడెన్సీ ఉంది, ఇంకోచోట చేరుద్ది. నీకేవుంది? రేపు ఫ్లైటెక్కమంటే ఎక్కుతావా?"

ఫ్లైటు దిగి మా ఇంటి గుమ్మంలో నిలబడితే అమ్మ ముఖం ఎలా ఉంటుందో అదే కళ్ళముందు ఆడింది. నన్ను పంపడానికి ఇంట్లో అందరూ పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

అలా కూర్చోనని అక్క చెప్పేయడంతో రెండు రోజుల తర్వాత మీటింగు పెట్టారు. మేనేజరు, పెద్దాయన కూతురు, అక్క, నేను. అక్క దుప్పట్ల గదిలో నాకు చెప్పిందంతా చెప్పింది. గొంతు వణకలేదు. కూతురు ఏడ్చింది. మంచి మనిషే ఆవిడ. "నాన్న ఎవరికీ హాని చేసే మనిషి కాదు. అక్కడ పిల్లలకు బడి కట్టించాడు," అంది. పాత సంగతులు ఎంత బాధాకరమైనవైనా ఇప్పుడు ముఖ్యం రోగి ప్రశాంతత అని మేనేజరు మెత్తగానే చెప్పింది. చెప్పి నా వైపు తిరిగింది.

"ఇది రాసింది నువ్వే కదా. నీకేమైనా ఇబ్బందిగా ఉందా ఇలా చేయడం?"

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఎంత నమ్మకమో. మాటలన్నీ ఇంగ్లీషులో కూర్చుకునే వచ్చాను. తెలియక రాశాను, దయచేసి తీసెయ్యండి. అంతే. అయిదు నిమిషాలు కూడా పట్టదు. మేనేజరు మోచేతి దగ్గర ఒక పసుపు ఫోల్డరు ఉంది. అందులో నా ఉత్తరం ఉందో లేదో కూడా నాకు తెలియదు.

"నో ప్రాబ్లం," అన్నాను. "మా దేశంలో అందరం అలాగే కూర్చుంటాం."

మేనేజరు ఊపిరి పీల్చుకుంది. కూతురు నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. ఆ పనికి ఇష్టపడేవాళ్ళనే ఆ గదికి వేస్తామని, కేర్ ప్లాన్ అలాగే ఉంచుతామని తేల్చారు. అక్క ఆ వారమే రాజీనామా ఇచ్చింది. ఆ మర్నాడు నా ఉత్తరం నా చేతికొచ్చింది. నిజాయితీపరురాలు, సహకరించే స్వభావం, ఎవరితోనూ గొడవ లేదు అని రాశారు.

అక్క ఆఖరి రోజున బస్సులో వేరే సీట్లో కూర్చుంటుందనుకున్నాను. నా పక్కనే కూర్చుంది. అది చూసి ఇంకా భయం వేసింది నాకు. స్టాపులో దిగాక క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. పర్మిట్ అన్నాను, అమ్మ అన్నాను, భయమేసింది అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు తెలుసు సిస్టర్. మా నాన్నను లెక్కపెట్టినవాళ్ళలో దొరలు ఎంతమంది? ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళంతా మావాళ్ళే, మా పక్క ఊళ్ళవాళ్ళే. ఎందుకు చేశారని మా నాన్న తర్వాత ఒకతన్ని అడిగాడట. భయమేసింది అన్నాడట అతను కూడా."

కోపంగా అనలేదు. చెప్పి, బ్యాగు సర్దుకుని, వాళ్ళ వీధివైపు నడిచింది. నేను పిలవలేదు. అప్పటిదాకా నాకు మేనేజరంటే భయం, ఇమ్మిగ్రేషన్ అంటే భయం, ముసలాయన కర్ర అంటే భయం. ఆ పూట బస్‌స్టాపులో నాకు నేనంటే భయమేసింది, అది ఇప్పటికీ పోలేదు.