తడిగా ఉంది, జాగ్రత్త

పందొమ్మిదేళ్లుగా ఆ భూగర్భ స్టేషన్ నేల తుడుస్తున్న మనిషిని జనం చూడరు. ఆమె నిలబెట్టే పసుపు బోర్డును మాత్రం అందరూ చూస్తారు. ‘తడిగా ఉంది, జాగ్రత్త’ అని దాని మీద రాసి ఉంటుంది. ఎంతటి పెద్దమనిషైనా దాని ముందు కాలు వెనక్కి తీస్తాడు. బూట్ల మీద ప్రేమ అలాంటిది.

ఆమెను చూడనివాళ్లలో సొంత అల్లుడూ ఉన్నాడు. బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంటికొస్తే “అత్తయ్యా, ఇంకొంచెం వడ్డించండి” అని పళ్లెం చాపుతాడు. ప్లాట్‌ఫారం మీద ఎదురైతే మాత్రం ఫోన్‌లోకి తల దూర్చేస్తాడు. పక్కన ఆఫీసువాళ్లుంటారు మరి! ఆమె కూడా పలకరించేది కాదు. కూతురికి ఏడో నెల. అల్లుడు చిన్నబుచ్చుకుంటే ఆ పిల్లకు మనశ్శాంతి ఉండదు.

ఒక సాయంత్రం పైన టికెట్ హాల్లో వైర్లు అంటుకున్నాయి. తూర్పు మెట్ల మీదుగా పొగ దిగింది. సైరన్ మోగింది.

జనం ఏం చేశారు? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కవాడు కూర్చున్నాడు కాబట్టి వీడూ కూర్చున్నాడు, వీడు లేవలేదు కాబట్టి పక్కవాడూ లేవలేదు. టీ కోసం నిలబడ్డ వరస అంగుళం కదల్లేదు. “ఏదో టెస్టింగ్ అయ్యుంటుందిలే” అన్నాడొక తెలివైనవాడు. నిప్పు లేనిదే పొగ రాదని బడిపిల్లలకీ తెలుసు. ఈ చదువుకున్నవాళ్లు ఆ పొగను ఫొటోలు తీసుకున్నారు.

దగ్గు మొదలయ్యాక అందరూ ఒక్కసారే లేచారు. లేచి ఎటు వెళ్లారు? రోజూ దిగే తూర్పు మెట్ల వైపే, ఆ పొగలోకే! ఖాళీగా ఉన్న పడమటి మెట్లు ఒక్కరి కంటికీ ఆనలేదు. గొర్రెదాటంటే అదే. అందరికంటే ముందు అల్లుడున్నాడు.

“అల్లుడుగారూ! అటు వద్దు, పైన మంట! ఇటు రండి!” అని ఆమె గొంతు చించుకుంది.

అతనికి వినబడింది. మెడ సగం తిరిగింది కూడా.

“ఎవరయ్యా, నిన్నేనా?” అన్నాడు పక్కనున్న ఆఫీసరు.

“నన్ను కాదండీ, ఇంకెవర్నో” అని అల్లుడు పొగ వైపు మరో అడుగు వేశాడు. ప్రాణం పోయినా పరవాలేదు, పరువు దక్కాలి!

ఆమెకు కూతురి కడుపు గుర్తొచ్చింది. ఇక మాటలతో పని లేదనుకుంది. అడ్డంగా పరిగెత్తి, బకెట్టెడు మురికినీళ్లు మొదటి మెట్టు ముందు కుమ్మరించి, పసుపు బోర్డు నిలబెట్టింది.

అంతే, ముందు వరస టక్కున ఆగిపోయింది. “అయ్యో, బూట్లు!” అన్నారెవరో. సైరన్‌ను లెక్కచేయనివాళ్లు, పొగకు జంకనివాళ్లు మురికినీళ్లకు వెనక్కి తగ్గారు.

“అటు పొడిగా ఉంది! పడమటి మెట్లు!” అని ఆమె తుడుపుకర్రతో చూపించింది. మంద అటు తిరిగింది. చివరివాళ్లు పైకెక్కేసరికి తూర్పు వైపు అద్దాలు పగిలిన చప్పుడు వినబడింది.

ఆ ఆదివారం అల్లుడు భోజనానికొచ్చాడు. పళ్లెం చాపుతూ, “స్టేషన్లో ఎవరో నీళ్లు పారబోశారు అత్తయ్యా. కొత్త బూట్లు, నాశనమైపోయాయి” అన్నాడు. కూతురు తల్లి వైపు చూసింది. తల్లి ఇంకొంచెం వడ్డించింది.

స్టేషన్ మళ్లీ తెరిచిన రోజు ఆమె ప్లాట్‌ఫారం నడిమధ్య, చుక్క నీరు లేని పొడినేల మీద ఆ బోర్డు పెట్టి పక్కనే నిలబడింది. అల్లుడు ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. ఆమెను చూడలేదు. బోర్డు ముందు ఆగి, పంట్లాం కాస్త పైకి లాక్కుని, ఒద్దికగా చుట్టూ తిరిగి వెళ్లాడు.

ఇప్పుడు రోజూ పెడుతోంది.