కెటూరా మేపుల్ తోపు

పెద్దకొడుకు ఆరిన్ కట్టించిన ఇటుక ఇంట్లో కెటూరా టటిల్‌కు ఏ లోటూ లేదు. అయినా డెబ్బయ్యో పడిలో కూడా ఆమె నోట ఆ పాత దుంగల ఇంటి మాటే వచ్చేది.

"పొగ, ఎలుకలు, వాన తప్ప ఏముందమ్మా అందులో?" అని ఆరిన్ విసుక్కునేవాడు.

"నా ఇరవై మూడేళ్ల బతుకుంది అందులో," అనేది కెటూరా.

ఆమె, భర్త ఆసహేల్ కనెక్టికట్ నుంచి ఎద్దుబండి మీద నలభై ఆరు రోజులు ప్రయాణం చేసి, 1804లో ఆకులు రాలే వేళకు ఒహాయోలో టస్కరావస్ నది ఒడ్డున దిగారు. మూడు వారాల్లో దుంగలు పేర్చి ఒక గది లేపారు. తలుపు చెక్కలు కోసే తీరిక లేక, ఆ చలికాలమంతా గుమ్మానికి కంబళి వేలాడింది. పొద్దు వాలగానే ఆసహేల్ ఆ కంబళి అంచు మీదికి ఒక మొద్దు దొర్లించి, "గడియ పెట్టేశాను, ఇక తోడేళ్లు తలుపు తట్టి రావాల్సిందే," అనేవాడు. మామూలుగా నోరు మెదపని మనిషి అంతమాట అంటే కెటూరాకు నవ్వు ఆగేది కాదు.

ఇంటి వెనుక వాలులో నలభై దాకా మేపుల్ చెట్లుండేవి. పొలానికి అదే మంచి నేలని ఆసహేల్ తేల్చుకున్నాడు. మొదలు చుట్టూ బెరడు ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది, నరికే పని తప్పుతుంది. క్రిస్మస్ లోపల పదకొండు చెట్లు ఒలిచాడు.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం ఆ తోపులోంచి పొగ లేచింది. ఆసహేల్ గొడ్డలి తీసుకుని వెళ్లాడు. వెనకాలే కెటూరా వెళ్లింది. అక్కడ డెలావేర్ ఆదివాసీ తెగకు చెందిన ఒక ముసలామె, ఆమె కూతురు మేపుల్ చెట్లకు గాట్లు పెట్టి పట్టిన తియ్యటి నీటిని ఇనప కాగులో పోసి, కింద మంట ఎగదోస్తున్నారు. నదికి దిగువన ఉన్న క్రైస్తవ మిషన్ ఊరు వాళ్లది. పాదిరీలు ముసలామెకు సలోమీ అని పేరు పెట్టారు. ఆమె నేర్చిన ఇంగ్లీషు మాత్రం తోళ్ల వ్యాపారుల దగ్గరిది.

"ఈ చెట్ల మెడలు కోసిందెవరు?" అని అడిగింది, తలెత్తకుండానే.

"నేనే. ఈ నేల నాది. నా దగ్గర కాగితం ఉంది."

"ఉంటే ఆ కాగితం నానబెట్టుకుని తాగు. తియ్యగా ఉంటుందేమో."

కెటూరా ఫక్కున నవ్వింది. ఆసహేల్ చెవులు ఎర్రబడ్డాయి.

"మా అమ్మ ఇక్కడే బెల్లం వండింది. వాళ్లమ్మా ఇక్కడే వండింది," అంది సలోమీ. "మూడు వారాలుంటాం, వండుకుని పోతాం. నీ కాగితం ఎక్కడికీ పోదులే."

ఆసహేల్ గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. కెటూరా వెళ్లలేదు. గడ్డకట్టిన రాత్రి తరువాత ఎండ కాసిన రోజున చెట్టు ఎలా కారుతుందో, గాటు ఎంత లోతు పెట్టాలో, ఒక్క ముద్ద బెల్లానికి ఎన్ని కడవల నీరు మరగాలో ఆ మూడు వారాల్లో తెలుసుకుంది. ఊరు విడిచాక ఒక ఆడమనిషితో కూర్చుని మాట్లాడటం ఆమెకు అదే మొదలు. పోయేటప్పుడు సలోమీ రెండు బెల్లపు అచ్చులు చేతిలో పెట్టి, "కడుపుతో ఉన్నావు పిల్లా. అతనికి పెట్టకు, నువ్వు తిను," అంది. కెటూరా ఆ సంగతి అప్పటికి భర్తకు కూడా చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఆసహేల్ నరుకుతున్న ఒక ఓక్ చెట్టు అటు పడాల్సింది ఇటు పడి, అతని కుడికాలు మోకాలి కింద విరిచింది. కెటూరా తాడు కట్టి, ఎద్దులతో మానును లాగించి అతణ్ణి బయటికి తీసింది. దరిదాపుల్లో వైద్యుడు లేడు. ఏడు మైళ్లు నది వెంట నడిచి సలోమీని పిలుచుకొచ్చింది. ముసలామె ఎముక సర్ది, రెండు వైపులా ఎల్మ్ చెట్టు బెరడు పెట్టి కట్టింది.

"వంకరగా అతుక్కుంటుందా?" అన్నాడు ఆసహేల్ పళ్ల బిగువున.

"నీ బుద్ధి కంటే తిన్నగానే అతుక్కుంటుంది. కదలకు."

దున్నేవాడు లేడు. ఒలిచిన పదకొండు చెట్లు చిగుర్చలేదు, వాటి కిందే కాస్త ఎండ నేల మీద పడుతోంది. కెటూరా గొడ్డలితో వేళ్ల మధ్య నేలను చీల్చి, చీలికకు నాలుగేసి మొక్కజొన్న గింజలు వేసి మడమతో తొక్కింది. జూలై నాటికి తెచ్చుకున్న పిండి అడుగంటింది. కంకులు ఇంకా పాలు పట్టలేదు. అడవి ఆకులు ఉడకబెట్టి ఆసహేల్‌కు పెట్టి, తను గోరంత బెల్లం నాలుక మీద ఉంచుకుని మొక్కజొన్నల్లోకి వెళ్లి కూర్చునేది. తను తినలేదని అతనికి తెలియకూడదని. అతనికి తెలుసు. ఆగస్టులో కంకులు చేతికొచ్చాయి, అదే నెల ఆరిన్ పుట్టాడు.

ఆసహేల్ కుంటుతూ లేచాడు. మిగిలిన చెట్ల జోలికి మళ్లీ వెళ్లలేదు. మరుసటి ఫిబ్రవరిలో సలోమీ వచ్చేసరికి, ప్రతి చెట్టు కిందా కొత్తగా చెక్కిన తొట్టి ఉంది.

"ఇవి ఎవరు చెక్కారు?"

"వడ్రంగి పిట్టలు," అన్నాడు ఆసహేల్.

"పిట్టలకు పనితనం రాదని తెలుస్తూనే ఉంది," అంది సలోమీ. అన్నీ నిండేదాకా వాడుకుంది మరి.

అలా పదహారేళ్లు. కెటూరాకు ఏడుగురు పుట్టారు. ఒకే వారంలో ఇద్దరిని జ్వరం తీసుకుపోయింది. ఆ ఏడాది సలోమీ కాగు దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదు. రోజంతా కెటూరా పక్కన కూర్చుని పాకం కలిపింది. తలచుకున్నప్పుడల్లా కెటూరాకు ఓదార్పంటే అదేననిపించేది.

1821లో సలోమీ ఒక్కతే వచ్చింది. కూతురు అప్పటికే పడమటికి వెళ్లిపోయింది. ఆఖరి రోజు కాగు కడుగుతూ అసలు సంగతి చెప్పింది. "ఊరు ఎత్తేస్తున్నారు. మా నేలకూ ఒక కాగితం పుట్టిందట."

ఆసహేల్ ఆ బరువైన కాగు ఎత్తి, కుంటికాలితో పడవ దాకా మోశాడు. సలోమీ పడవెక్కి, "పాత గాటు మీద గాటు పెట్టనీయకు పిల్లా," అని కెటూరాతో చెప్పి తెడ్డు అందుకుంది.

తరువాత పద్దెనిమిదేళ్లు బతికాడు ఆసహేల్. ప్రతి ఫిబ్రవరిలోనూ "మంచు కరిగిందేమో చూసొస్తా" అని నది మలుపు దాకా వెళ్లి వచ్చేవాడు. ఏం చూశావని కెటూరా ఎప్పుడూ అడగలేదు.

అతను పోయాక తోపు కొట్టించి గోధుమ వేస్తానన్నాడు ఆరిన్.

"వేసుకో. ముందు ఒక్క ఏడాది నువ్వు పాకం కాచు," అంది తల్లి.

"అది ఆడవాళ్ల పని కదమ్మా."

"నీ కాలు విరగలేదుగా, కాచు."

ఆరిన్ మూడు వారాలు చెట్టుకూ కాగుకూ మధ్య తిరిగాడు. కెటూరా దుంగ మీద కూర్చుని తప్పులు పడుతూ, మధ్యమధ్య ఆ ఆకలి వేసవి సంగతి, అతను పుట్టకముందరి సంగతులు చెప్పింది. అతను గరిటె ఆపి వినేవాడు. "ఊ, మాడిపోతోంది," అని ఆమె గదిమేది. ఆ ఏడు బెల్లం నల్లగా, కాస్త చేదుగా వచ్చింది. పిల్లలు అదే ఎగబడి తిన్నారు. వసంతంలో ఆరిన్ గోధుమలు నది పక్క పల్లంలో చల్లాడు.