ఆ గొట్టాల్లో ఉన్నది ఫారం కోళ్ల రక్తం

ఎన్నో ఏళ్లుగా దీన్ని గుండెల మీద మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

రాయ్‌పూర్‌లో పరిశోధన చేస్తున్న రోజులవి. నాటుకోళ్ల జన్యువులు ఫారం కోళ్లకంటే ఎంత భిన్నమో తేల్చడం నా పని. ఊరి పక్కనున్న మందిర్ హసౌద్‌లో సింహాచలమ్మ పెంచే కోళ్ల రక్తం తీసుకున్నాను. ఆమె రైల్వే గ్యాంగ్‌మన్ భార్య, శ్రీకాకుళం మనిషి. చనిపోయిన వాళ్ల అత్తగారు ఒకప్పుడు సొంతూరి నుంచి బుట్టలో పెట్టుకుని రైల్లో తెచ్చిన కోళ్ల సంతతి అది. ప్రత్యేకత తేలితే ఆ మందను కాపాడతామన్నారు మా గైడు సారు.

తిరిగొస్తూ దేవేంద్ర నగర్‌లో స్నేహితురాలింట్లో ఆగాను. భోంచేసి నిద్రపోయాను. రక్తం గొట్టాలున్న ఐసు పెట్టె ఎండలో స్కూటీ మీదే ఉండిపోయింది. రక్తం పాడైపోయింది.

మళ్ళీ వెళ్లి తెచ్చి ఉండొచ్చు. ఎందుకు వెళ్లలేదు? సారు తిడతారనా? తిడితే ఏమయ్యేది? మర్నాడు చికెన్ కొట్టుకెళ్లి, కోస్తున్న బ్రాయిలర్ల రక్తం పట్టి, సింహాచలమ్మ పేరు రాసిన గొట్టాల్లో నింపాను. ఒక్క మందతో ఏం తేడా పడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఫలితం రానే వచ్చింది. అవి ఫారం కోళ్లేనట, కాపాడాల్సిందేమీ లేదట. పాత పుంజుల్ని అమ్మేసి హేచరీ పుంజుల్ని పెట్టుకోమని చెప్పడానికి నన్నే పంపారు.

"మాయి నాటుకోల్లు కావేటమ్మా? పక్కాయేనేటి?" అంది సింహాచలమ్మ.

"రక్తంలో అలాగే వచ్చిందమ్మా."

ఆమె పుంజుల వైపు తిరిగింది. "అయితే మా అత్త అబద్దవాడిందన్నమాట. ముసల్దాన్ని ఎంత నమ్మీసినానో!"

అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

పాత పుంజులు టాటీబంధ్ వైపు వ్యాపారి బండెక్కాయి. హేచరీ పుంజులకు పుట్టిన పెట్టలు గుడ్లు పెట్టాయి గానీ పొదగలేదు. కొన్నేళ్లకి ఆ పెరట్లో కోడి అన్నదే లేకుండా పోయింది. నాకు మాత్రం డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నిజం చెప్పి మళ్ళీ పరీక్ష చేయిద్దామన్నా, ఆ సంతతి కోడి ఒక్కటైనా ఎక్కడుంది?

మొన్న వానల్లో సింహాచలమ్మ పోయింది. అత్తగారు మోసం చేసిందనే నమ్మకంతోనే పోయింది. ఒక చనిపోయిన మనిషి మీద, తిరిగి జవాబు చెప్పలేని మనిషి మీద నా తప్పు వేసి, ఇన్నేళ్లు పిల్లలకి జన్యుశాస్త్రం పాఠాలు చెప్పాను.

క్షమించమని అడగను. అడగాల్సినవాళ్లు ఇద్దరూ లేరు. అబద్ధమాడింది నేను. ఈ మాట ఎవరికో ఒకరికి చెప్పాను, అంతే. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.