కొబ్బరికాయల మీద ఫుట్‌బాల్

ఉప్పలగుప్తంలో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన ఏసుపాదం గారు ఈల వేస్తే, కాలవలో బాతులు కూడా ఆఫ్‌సైడ్‌లో నిలబడేవి కావు.

టీవీలో ఫుట్‌బాల్ చూసే ఖర్చును ఆయన తన తోటలోని కొబ్బరికాయల్లోనే లెక్కగట్టేవారు. ఒకప్పుడు ప్రపంచకప్పు మొత్తానికీ ఒక చెట్టు కాయలు చాలేవి. ఇప్పుడు టీవీ చందాలకే, కాయలు దింపకముందే మూడు దింపుల పంట అమ్మేసుకున్నారు. ఈ ప్రపంచకప్పుకి అమ్మడానికి కాయల్లేవు.

ఆ ఉదయం కాయల వ్యాపారి దింపు మనిషిని కాక, టేపు పట్టుకున్న మనిషిని తెచ్చాడు.

"ఈ కొలతలేంటండీ?" అని అడిగారు మాస్టారి భార్య లీలావతి.

"రొయ్యల చెరువుకండీ. మాస్టారు తోట లీజుకిచ్చేరు కదండీ!" అన్నాడు వ్యాపారి.

ఆవిడ లోపల టీవీ ముందున్న భర్త వైపు తిరిగారు. "ఉప్పునీళ్లు పెడితే మన నూతినీళ్లు తాగగలమా అండీ?"

మాస్టారికి నూతి సంగతి అప్పటిదాకా తట్టనేలేదు. టీవీ సౌండు పెంచారు. బయట టేపు నూతిదాకా వచ్చి, ఆగకుండా ముందుకు సాగింది.