బయటి గొంతు

హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడది మొద్దునిద్ర. ఇల్లు కూలినా లేవదని మొగుడు ఎగతాళి చేసేవాడు. లేపీ లేపీ విసిగి, చివరికి ఆయనే ఆవిడ ఫోన్‌లో తన గొంతు రికార్డు చేసి అలారంగా పెట్టాడు: "లేస్తావా, నెత్తిన నీళ్ళు కుమ్మరించమంటావా?" ఆయన పోయాక కూడా ఆవిడకు ఆ తిట్టుతోనే తెల్లవారేది.

మొన్న ఆ ఫోన్ దుప్పట్లతో పాటు వాషింగ్ మిషన్‌లో పడి పాడైపోయింది. కూతురు వెంటనే ఖరీదైన కొత్త ఫోన్ కొనిచ్చింది. తను దాచుకున్న నాన్న రికార్డింగ్ కూడా అందులోకి పంపింది. కానీ ఎంత తంటాలు పడ్డా దాన్ని అలారంగా పెట్టడం కుదరలేదు.

"ఈ ఫోన్ ఇంతేనమ్మా. అలారానికి బయటి గొంతులు పెట్టనివ్వదు. కంపెనీ ఇచ్చినవి బోలెడున్నాయిగా, నీకు నచ్చింది ఎంచుకో."

ఆవిడకు ఒళ్ళు మండింది. "బయటి గొంతేంటే? ముప్పై ఏళ్ళు కాపురం చేశాను! డబ్బు పోసి కొన్నది మనం, లోపలికి ఎవరు రావాలో చెప్పేది వాళ్ళా?"

గంటలు, అలలు, పిట్టలు అన్నీ విని, విధిలేక పిట్టల్ని పెట్టుకుంది.

ఇప్పుడు రోజూ ఆ పిట్టలే లేపుతాయి. ఆవిడ వాటి నోరు మూయించి, మంచం మీద కూర్చుని, రికార్డింగ్ వెతికి తనే నొక్కుతుంది.

"లేస్తావా, నెత్తిన నీళ్ళు కుమ్మరించమంటావా?"

"లేచే ఉన్నానయ్యా," అంటుందావిడ. "నువ్వే ఆలస్యంగా వచ్చావు."